పన్నెండున్నర గళ్ళు

మా ఇంటి దగ్గరి నర్సింగ్ హోముకు నేను ఇప్పటికి మూడు ఉత్తరాలు రాశాను. మొదటిది చేతికిచ్చాను. కౌంటరులో కూర్చున్నామె దాని మీద టీ గ్లాసు పెట్టింది. రెండోది రిజిస్టరు పోస్టులో పంపాను. మూడోదానికి రసీదు అడిగితే, ఉత్తరాలకు రసీదు ఇచ్చే పద్ధతి లేదన్నారు. నేనడిగింది ఒక్కటే. మా అమ్మాయి ఈసీజీ కాగితం మీద ‘నార్మల్’ అని రాసిన డాక్టరు, ఏం కొలిచి ఆ మాట రాశాడో చెప్పమన్నాను. ఈ రోజు వరకూ ఎవరూ చెప్పలేదు.

నేను మర్చిపోయే మనిషిని కాను. పద్దెనిమిదేళ్ళ కింద మా బావమరిది పెళ్ళిలో గారెలు నా విస్తరిని దాటి పక్క విస్తరిలోకి వెళ్ళాయి. వడ్డించినవాడి ముఖం ఇప్పటికీ గుర్తుంది. గారెల సంగతే మరవనివాణ్ణి, బిడ్డ ప్రాణం సంగతి మరుస్తానా?

బాలానగర్‌లో నాది గేజీల పని. ఇనుప ముక్కలో వేసిన బెజ్జం సరిగ్గా వచ్చిందో లేదో చూసే కొలత కడ్డీలు చేస్తాను. కడ్డీకి ఒక కొస ‘గో’, అది బెజ్జంలో దూరాలి. రెండో కొస ‘నోగో’, అది దూరకూడదు. ముప్పై ఏళ్ళుగా చేస్తున్నది ఇదే. మా అమ్మాయికి ఇరవై రెండేళ్ళు. కోకాపేటలో ఒక ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగు ఉద్యోగం, కొండాపూర్‌లో హాస్టలు. ఇక్కడ మంజుల అని పిలుస్తాను, అసలు పేరు రాయొద్దని తనే చెప్పింది. సెలవుకు ఇంటికొచ్చినప్పుడు తెల్లవారుజామున ఫోను అలారం మోగింది. ఉలిక్కిపడి లేచి కూర్చుంది, కూర్చున్నట్టే పక్కకు ఒరిగింది. నిమిషం పాటు పలకలేదు. నర్సింగ్ హోములో ఈసీజీ తీసి, నీరసమనీ, పొద్దున టిఫిను మానొద్దనీ చెప్పారు. నెలన్నర తర్వాత హాస్టల్లో, అలారానికే మళ్ళీ పడింది. ఆ కబురు అందాకే బయలుదేరాను.

మా వైపు వాళ్ళలో చాలామందికి అటు వెళ్ళే పని పడదు. కాబట్టి నేను చూసింది చూసినట్టు రాస్తున్నాను.

కొండాపూర్, మొదటి రోజు

మా షాపులో పొద్దంతా గ్రైండరు మోత, సుత్తి దెబ్బలు. ముప్పై ఏళ్ళలో ఒక్కనాడూ నాకవి శబ్దాలుగా వినిపించలేదు. ఆ రోజు ఆటోలో కూర్చున్న దగ్గర్నుంచీ ప్రతి హారనూ నా పక్కటెముకల్లో మోగింది. పక్కన మంజుల లేదు, అయినా ప్రతి హారనుకూ నా చెయ్యి పక్కకు పోయింది.

ఆడపిల్లల హాస్టలు అది, నాలుగంతస్తులు. మగవాళ్ళకు చెప్పుల స్టాండు దాకానే ప్రవేశం. అక్కడొక కుర్చీ ఉంది కానీ, ముందుగా ఫోను చేసి వచ్చిన తల్లిదండ్రులకేనట. నలభై నిమిషాలు నిలబడ్డాను. గోడ మీద నోటీసులు చదివాను. వాష్‌బేసిన్‌లో వెంట్రుకలు వేయొద్దట, ఫ్రిజ్‌లో పాల ప్యాకెట్ల మీద పేరు రాసుకోవాలట. మన ఇళ్ళలో పాల ప్యాకెట్ మీద పేరు రాస్తే నవ్వుతారు. గదికి నలుగురు పిల్లలు, నలుగురివీ వేరు వేరు షిఫ్టులు. అందుకని పొద్దున నాలుగు నుంచి పదకొండు దాకా ఏదో ఒక గదిలో అలారం మోగుతూనే ఉంటుంది. నేను నిలబడ్డ నలభై నిమిషాల్లో తొమ్మిది లెక్కపెట్టాను.

మంజుల మెట్లు దిగి వచ్చింది. నా ముఖం చూసి, “డాడీ, గట్ల చూడకు. నేను మంచిగనే ఉన్న” అంది. అది మంచిగనే ఉంది. రెండు అలారాల మధ్య ఎప్పుడూ మంచిగనే ఉంటుంది. నా భయమంతా అక్కడే.

దాని గదిలోనే ఉండే హేమ కూడా కిందికి దిగింది. కాకినాడ వైపు అమ్మాయి. హైటెక్ సిటీ వెనక ఒక లేబొరేటరీలో ఉద్యోగం. కొత్త మందులు గుండెకు చెరుపు చేస్తాయో లేదో అక్కడ పరీక్షిస్తారు. రెండోసారి మంజుల పడ్డప్పుడు పక్కనున్నది తనే. ముగ్గురం ఎదురుగా ఉన్న ఆంధ్రా మెస్సుకు వెళ్ళాం. భోజనం నూట నలభై. మా దగ్గర తొంభైకి కడుపు నిండుతుంది. ఇక్కడ పప్పు కంటే ముందు కందిపొడి, నెయ్యి వేస్తారు. బాగుంది, కాదనను. కానీ రెండోసారి నెయ్యి అడిగితే కుర్రాడు విననట్టు వెళ్ళిపోయాడు.

అక్కడే హేమ గుండె సంగతి చెప్పింది. గుండె కణం చుట్టూ పొర ఉంటుందట. ఆ పొరలో పొటాషియానికని ప్రత్యేకంగా సన్నని దారులుంటాయట. గుండె ఒకసారి కొట్టుకున్నాక ఆ దారులు తెరుచుకుని, పొటాషియం లోపలి నుంచి బయటికి పోతేనే కణం సర్దుకుని తర్వాతి దెబ్బకు సిద్ధమవుతుంది. ఆ దారులు సరిగా తెరుచుకోని మనుషులు కొందరుంటారు. వాళ్ళలో ఒక రకం వాళ్ళకు ఉలికిపాటే ప్రమాదం. గుండె ఇంకా సర్దుకోకముందే మరో ఆజ్ఞ వచ్చి పడితే, కొట్టుకోవడం మాని గిలగిల్లాడుతుంది.

“మరి ఉప్పులో ఉండే సోడియం?” అని అడిగాను.

“అది ఈ దారిలో పోదండి బాబాయ్ గారూ.”

ఏది పెద్దదని అడిగాను. పొటాషియమే పెద్దదంది. అక్కడ నేను ఊరుకోలేకపోయాను.

“నీ మాట తప్పు బిడ్డా. పెద్దది దూరే బొక్కల చిన్నది దూరకుంట ఎట్లుంటది? ముప్పై ఏండ్ల సంది గేజీలు చేస్తున్న.”

హేమ కోపగించుకోలేదు. నీళ్ళలో ఉన్నంతసేపూ ఈ అయాన్లు ఒంటినిండా నీటిని కప్పుకుని ఉంటాయట. ఇరుకు దారిలోకి రావాలంటే ఆ నీటిని విడవాలి. ఊరికే ఎవరు విడుస్తారు? దారి లోపల నాలుగు వైపుల నుంచీ ఆక్సిజన్లు చేతులు చాచి ఉంటాయి. పొటాషియం వస్తే నాలుగు వైపులా సరిగ్గా అందుతుంది, నీరు పోయిన లోటు తీరుతుంది. చిన్నదైన సోడియానికి ఆ చేతులు అన్నివైపులా అందవు. అందుకని నీటిని విడవకుండా బయటే ఉండిపోతుంది.

నాకు మా లేత్ మిషను మీద కడ్డీని పట్టుకునే నాలుగు దవడల చక్ కళ్ళ ముందు మెదిలింది. దవడలను ఒక కొలతకు బిగించి ఉంచితే ఆ కొలత కడ్డీనే పట్టుకుంటాయి, సన్న కడ్డీ పెడితే అల్లాడుతుంది. ఆ మాటే అన్నాను. “ఆ దారి కూడా నాలుగు ముక్కలు కలిసి అయ్యేదేనండి” అంది హేమ. చక్ దవడలో వెంట్రుకవాసి తేడా ఉంటే ముక్క ఎలా ఎగిరి వచ్చి మీద పడుతుందో నాకు తెలుసు.

ఇక్కడ నా తప్పు ఒకటి రాయాలి. మొదటిసారి పడ్డ తర్వాత మంజుల ఈ సంగతి హేమకు చెప్పిందట. ఈసీజీలో ఫలానా చోటు నుంచి ఫలానా చోటుకు కొలవమనీ, ఆడవాళ్ళకు చిన్న గళ్ళు పదకొండున్నర దాటితే అనుమానించమనీ హేమ అప్పుడే చెప్పింది. మంజుల నాకు ఫోను చేసింది. చిన్న గడి అంటే ఒక మిల్లీమీటరని తెలుసుకుని, నేను షాపులో ముక్కల కొలత చూసే నా వెర్నియర్‌తో కొలిచాను. పదకొండు పాయింటు నాలుగు ఎనిమిది వచ్చింది. మా పనిలో లిమిటుకు వెంట్రుకంత లోపలున్నా ముక్క పాసే. “లిమిట్ల ఉన్నది, ఫికర్ చెయ్యకు, డ్యూటీకి పో” అన్నాను. నర్సింగ్ హోము వాళ్ళు ఏం కొలిచారని ఉత్తరాలు రాస్తూనే, నేను కొలిచి నేనూ పాస్ చేశాను.

హాస్టలుకు తిరిగి వెళ్తూ దారిలో కొబ్బరిబోండాల బండి దగ్గర ఆగాను. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఉంటుందని మెస్సులో హేమ అన్నది గుర్తొచ్చి మంజులతో వరసగా నాలుగు తాగించాను. బండి ఆమె వనపర్తి వైపు మనిషి. “ఏందన్నా, పిల్లకు పొట్టనా, కుండనా?” అంది. నాకు నవ్వు రాలేదు.

హైటెక్ సిటీ వెనక, రెండో రోజు పొద్దున

హేమ తన పై అధికారిని అడిగి నన్ను లేబొరేటరీకి తీసుకెళ్ళింది. గేటు దగ్గర ఫోను తీసుకున్నారు, చొక్కాకు బిళ్ళ అంటించారు, చెప్పులకు నీలం తొడుగులు వేయించారు. పై అధికారి ఐదు నిమిషాలు మాట్లాడాడు, కూర్చోమనలేదు. ఆ మాట ఇక్కడితో వదిలేస్తాను.

అద్దం గోడ ఇవతల నుంచి చూడనిచ్చారు. లోపల మాలాంటివాడు చూసి ముచ్చటపడే బల్ల ఒకటి ఉంది. కింద గాలి నింపి, దాని మీద తేలేటట్టు పెట్టారు. బయట లిఫ్టు కదిలినా, లారీ పోయినా ఆ అదురు బల్లకు తగలదు. గాజు గొట్టాన్ని వేడి చేసి, సాగదీసి, కొసను వెంట్రుక కంటే ఎన్నోరెట్లు సన్నం చేస్తారు. ఆ కొసను ఒకే ఒక్క కణానికి ఆనించి, పొటాషియం బయటికి పోయేటప్పుడు పుట్టే కరెంటును కొలుస్తారు. తెర మీద అది ఒక గీతలా కనిపిస్తుంది. గీత లేచి, గుండ్రంగా వంగి దిగుతోంది, మళ్ళీ లేస్తోంది. ఒక్కో దారిలోంచి సెకనులో లక్షలకొద్దీ పొటాషియాలు, ఒకదాని వెనక ఒకటి, ఒకే వరసలో పోతాయని హేమ చెప్పింది.

ఒక్క కణానికి ఇంత జాగ్రత్త. నా బిడ్డ తలగడ చుట్టూ నాలుగు ఫోన్లు.

తర్వాత లోపలున్నతను కణం మీదికి ఒక మందు వదిలాడు. ఒకప్పుడు తుమ్ములకు, దురదలకు వాడిన మాత్రట. ఈ దారుల్ని మూసేస్తోందని తెలిసి చాలా దేశాల్లో తీసేశారట. గీత లేచింది, ఈసారి కాస్త తక్కువగా. మళ్ళీ లేచింది, ఇంకా తక్కువగా. అలా కుంగుతూ కుంగుతూ నేల మట్టానికి వచ్చింది. నేను అద్దానికి చెయ్యి ఆనించి ఉన్నానని అప్పుడు గమనించాను.

“కడిగితే మళ్ళ లేస్తదా?” అని అడిగాను.

“కొన్నిటికి లేస్తుందండి. దీనికి అంత తొందరగా లేవదు.”

ఆ గీత మళ్ళీ లేచేదాకా అక్కడే నిలబడాలనిపించింది. మా టైము అయిపోయిందని సెక్యూరిటీ అతను చెప్పాడు.

గచ్చిబౌలి వైపు, అదే రోజు మధ్యాహ్నం

హేమ చెప్పిన గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయనది వరంగల్ వైపు. రెండు గంటలు కూర్చోబెట్టారు, కుర్చీ మాత్రం ఇచ్చారు. మందుల చీటీలు చూపమన్నాడు. రెండోసారి పడడానికి ముందు మూడు రోజులు గొంతు నొప్పికని మంజుల మెడికల్ షాపులో అడిగి ఒక యాంటీబయాటిక్ వేసుకుందట. నాకు ఆ సంగతి అప్పుడే తెలిసింది. డాక్టరు ఆ ఖాళీ స్ట్రిప్ చూసి, ఇదీ ఆ దారుల్ని మూసే మందేనన్నాడు. తెర మీద కుంగిన గీత నాకు మళ్ళీ కనిపించింది.

నేను ఇంటి నుంచి తెచ్చిన పాత ఈసీజీ అసలు కాగితం తీసి, పెన్ను కొసతో చిన్న గళ్ళు లెక్కపెట్టాడు. పన్నెండున్నర. గుండె వేగాన్ని బట్టి లెక్క సరిచూసినా ఎక్కువేనన్నాడు.

నేను ఒప్పుకోలేదు. సంచిలోంచి వెర్నియర్ తీశాను, నా దగ్గరున్న జిరాక్సు మీద పెట్టి చూపించాను. పదకొండు పాయింటు నాలుగు ఎనిమిది. డాక్టరు నా వెర్నియర్‌ను కాసేపు చూశాడు. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. జిరాక్సును అసలు కాగితం పక్కన పెట్టాడు. జిరాక్సు పొట్టిగా ఉంది.

“పేజీల పట్టనీకి చిన్నగ చేసిండే, జిరాక్సాయన. గళ్ళు కూడ చిన్నగైనయి చూడు. గళ్ళు లెక్కవెడితె గిట్ల కాకపోతుండె” అన్నాడు.

ఈసీజీ కాగితం వేడికి మాసిపోతుందని, అసలుది బీరువాలో పెట్టి నేనే జిరాక్సు తీయించాను. మా షాపులో డ్రాయింగుల పద్ధతి కూడా అదే. కానీ డ్రాయింగు మీద స్కేలు పెట్టి కొలవకూడదు. జిరాక్సులో సాగుతుంది, కుంచించుకుపోతుంది, అందుకని దాని మీద రాసి ఉన్న అంకెనే నమ్మాలి. కొత్తగా పనిలో చేరిన ప్రతివాడికీ మొదటి రోజు నేను చెప్పే మాట ఇదే. ఈ కాగితం మీద గళ్ళే ఆ అంకె. ఎవరో అచ్చువేసిన గళ్ళను నేను నమ్మలేదు, నా చేతిలోని వెర్నియర్‌ను నమ్మాను. దాన్ని కేసులో పెట్టబోతే మూత పట్టలేదు. మంజుల తీసుకుని పెట్టింది.

“ఇంట్ల చిన్న వయసుల ఎవరన్న హఠాత్తుగ పోయిన్రా?” అని డాక్టరు అడిగాడు.

లేరన్నాను. అని, మా చెల్లెలి సంగతి చెప్పాను. పదిహేడేళ్ళు. దీపావళి రోజు గుమ్మంలో దీపాలు పెడుతుంటే వెనక ఎవరో లక్ష్మీబాంబు కాల్చారు. చేతిలో దీపంతోనే పడిపోయింది, మళ్ళీ లేవలేదు. గాలి సోకిందన్నారు పెద్దలు. నేనూ అంతే అనుకున్నాను. ఇన్నేళ్ళలో ఎవరైనా అడిగితే కదా దాన్ని వేరేగా అనుకోవడానికి.

డాక్టరు నాకూ అప్పటికప్పుడే ఈసీజీ తీయించాడు. నాది లిమిటు గీత మీద ఉంది. మా కుటుంబంలో వచ్చే లోపమే కావచ్చన్నాడు. రక్తం పరీక్షకు ఇద్దరివీ పంపారు, ఫలితానికి వారాలు పడుతుందట. అంటే, ఆ దవడల్లో తేడా నా నుంచే దిగి ఉండవచ్చు. నేను పాస్ చేసింది బహుశా నా ఒంటి లోపాన్నే.

రోజూ వేసుకోవడానికి ఒక మాత్ర రాశాడు. వేసుకోకూడని మందుల జాబితా రెండు పేజీలు ఇచ్చాడు. అలారం వద్దు, ఒంటరిగా పడుకోవద్దు, వాంతులో విరేచనాలో పట్టుకుంటే పొటాషియం పడిపోతుంది, ఆలస్యం చేయకుండా దవాఖానకు రావాలి. కొబ్బరిబోండాల సంగతి చెబితే మందలించాడు. దారి చెడితే పొటాషియం పోసినంత మాత్రాన దారి బాగుపడదన్నాడు. ఆ మాత్రతో భయం పూర్తిగా పోతుందా అని అడిగాను. తగ్గుతుందన్నాడు. పోతుందని అనలేదు.

కోకాపేట, మూడో రోజు

మంజుల సెలవు పెట్టనంది. ఇంకా ప్రొబేషనులో ఉంది. జబ్బు సంగతి తెలిస్తే తీసేస్తారని దాని భయం. మాత్ర వేసుకుని ఆఫీసుకు బయలుదేరింది, నేనూ వెంట వెళ్ళాను. ఆ వైపు భవనాలను చూడాలంటే మెడ వెనక్కి వాల్చాలి. కింద కాఫీ రెండు వందల ఇరవై. తాగకుండా వాసన చూసి వచ్చాను. గేటు దగ్గర సెక్యూరిటీ యాదయ్య, నాగర్‌కర్నూల్ మనిషి. “పెద్ద పెద్ద జీతాలు తీసెటోళ్ళు ఈడ కప్పుల నురుగు తాగుతరన్నా” అన్నాడు. ఆ మూడు రోజుల్లో ఏ పనీ లేకుండా నాతో నిలబడి మాట్లాడిన మొదటి కొత్త మనిషి అతనే.

నువ్వు కూర్చునే చోట ఏమేం మోగుతాయని దారిలో మంజులను అడిగాను. చివరికి చెప్పింది. దాని సీటుకు సరిగ్గా పైన, సీలింగుకు, అగ్ని ప్రమాదానికి మోగే హూటరు ఉందట. నిప్పంటుకుంటే ఎలా దిగాలో నేర్పడానికి, అప్పుడప్పుడూ దాన్ని మోగించి డ్రిల్లు పెడతారట. మంజుల చేరాక ఇంకా జరగలేదు. త్వరలో ఉందని మాత్రం అనుకుంటున్నారట.

లాబీలో ఉన్న సోఫాలో కూర్చున్నాను, లేవమని ఎవరో చెప్పేదాకా. భవనం నిర్వహణ చూసే ఆఫీసరును పిలిపించమని పట్టుబట్టాను. గంటకు వచ్చాడు. మంజుల పేరు చెప్పకుండా, గుండె జబ్బు ఉన్న ఒక ఉద్యోగికి ఆ శబ్దం ప్రాణం మీదికి తెస్తుందని చెప్పాను. డ్రిల్లు రోజు ముందుగా చెప్పండి, ఆ పూట తను బయట ఉంటుంది అన్నాను.

“డ్రిల్లు అంటే చెప్పకుండా చేసేదే సార్. ముందే చెప్తే అది డ్రిల్లు ఎట్ల అయితది?” అన్నాడు. అతను చెడ్డవాడేం కాదు. అతని ఫోను మోగుతోంది, ఇంకెవరో పిలుస్తున్నారు. “మెయిల్ పెట్టండి సార్, చూస్తం” అంటూ లిఫ్టు వైపు వెళ్ళిపోయాడు.

పేరు చెప్పమనీ, డాక్టరు చీటీ ఇవ్వమనీ మంజులను ఆ సాయంత్రం బతిమాలాను. “చెప్పి ఉద్యోగం పోతే నువ్వు పరేషాన్ అయితవు. చెప్పకపోయినా పరేషానే. మరి నేనేం చెయ్యాలె డాడీ?” అంది. వారం రోజులు పట్టింది. చివరికి డాక్టరు చీటీని తనే ఆఫీసులో ఇచ్చింది. ఆ చీటీ ఇచ్చే ముందు భయంతో రెండు పూటలు అన్నం మానేసిందట. ఆ సంగతి విన్నాకే నేనూ ఇదంతా రాస్తున్నాను.

తిరిగి వచ్చాక

ఇప్పుడు రోజూ పొద్దున హేమ మంజుల భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా పిలిచి లేపుతుంది. అలారాలు ఆ గదిలో ఆగిపోయాయి. మిగతా ఇద్దరు పిల్లలూ ఒప్పుకున్నారు, వాళ్ళకు రుణపడి ఉన్నాను. పొద్దున లేచినట్టు మెసేజి వచ్చేదాకా నేను లేత్ ఆన్ చేయను. తొమ్మిదిన్నరకు ఆఫీసులో కూర్చున్నట్టు ఇంకో మెసేజి వస్తుంది. అప్పటి నుంచి సాయంత్రం దాకా నాకు చేతిలో ఉన్న కొలత కనిపించదు, ఆ సీలింగే కనిపిస్తుంది.

భవనం ఆఫీసుకు మెయిలు పెట్టాను. మీ ఫిర్యాదు అందింది అని ఒక నంబరు వచ్చింది. అది మిషను రాసిన జవాబు. రెండో మెయిలుకు ఇంకో నంబరు వచ్చింది. సీటు మార్చే విషయం పరిశీలనలో ఉందని మంజులకు వాళ్ళ ఆఫీసువాళ్ళు అన్నారట. ఈ సంగతి రాస్తున్న రోజుకు సీటు మారలేదు. యాదయ్య ఫోను చేశాడు. తనకు తెలిస్తే తప్పక చెప్తాననీ, కానీ డ్రిల్లు సంగతి గేటు వాళ్ళకు కూడా చెప్పరనీ అన్నాడు.

నర్సింగ్ హోము వాళ్ళు నాకు ఇంకో ఏడాది తర్వాత జవాబు ఇచ్చినా నేను ఇక్కడే ఉంటాను. ఆ భవనం ఆఫీసరుకు మాత్రం అంత గడువు ఇవ్వలేను. ఆయన పేరు నాకు తెలుసు, ఇక్కడ రాయలేదు. ఆయన ఇది చదువుతాడనో, చదివినవాళ్ళెవరైనా ఆయనకు చెబుతారనో రాస్తున్నాను. డ్రిల్లు మానమని నేను అడగడం లేదు. నిప్పు అంటుకుంటే నా బిడ్డా దిగి రావాలి, దానికి డ్రిల్లు కావలసిందే. వంద మందికి చెప్పవద్దు. ఒక్క అమ్మాయికి, ఒక్క రోజు ముందు, ఒక్క మాట చెప్పండి. ఆమె మెట్ల దగ్గర కింద నిలబడి ఉంటుంది.

మీ భవనంలో ఆ హూటరు ఏ తేదీన, ఎన్ని గంటలకు మోగుతుంది? నంబరు పంపవద్దు. మనిషి ఎవరైనా జవాబు చెప్పండి.